స్తంభం వెనక సీటు

"టికెట్టు లేకుండా దేవుడొచ్చినా పంపను" అన్నాడు గేటు దగ్గర గార్డు.

అమ్మమ్మ గేటు ఊచలు పట్టుకుంది. ఏడింటికి కచేరీ. పట్టుమని పావుగంట కూడా లేదు.

లోపల మొదటి వరసలో మనవరాలు కూర్చుని ఉంది. పక్కన కూతురు. "మొదటి పాటకల్లా నీ కళ్ళ ముందుంటాను" అని మనవరాలికి మాటిచ్చింది అమ్మమ్మ. ఇలాంటి మాటలు ఇదివరకూ చాలానే ఇచ్చింది. పుట్టినరోజుకి వస్తానంది, రాలేదు. బడి వార్షికోత్సవానికి వస్తానంది, రాలేదు. ఎప్పుడూ ఏదో ఊరు, ఏదో పని. నిన్న ఫోన్లో కూతురు ఒకటే మాట అంది. "అమ్మా, ఈసారి కూడా దాన్ని ఏడిపించావంటే ఇంక దానికి అమ్మమ్మ లేదనే చెప్పేస్తాను."

రైలు ఆలస్యం. టాక్సీ జనంలో ఇరుక్కుపోయింది. ఇక లాభం లేదని దిగి పరుగెత్తింది. పరుగెత్తాక గుర్తొచ్చింది, చేతిసంచీ టాక్సీలోనే ఉండిపోయిందని. వెనక్కి తిరిగి చూస్తే పోలీసులు ఆ టాక్సీని ఎటో పంపేశారు. డబ్బు ఆ సంచీలోనే. ఫోనూ అందులోనే. గేటు దగ్గర చూపించాల్సిన నలుపు తెలుపు గళ్ళ బొమ్మ ఆ ఫోన్లోనే. నంబర్లన్నీ ఫోనుకి అప్పజెప్పి నిశ్చింతగా ఉన్న బుర్రలో కూతురి నంబరైనా లేదు.

"బాబూ, నేను..."

"తెలుసండీ. పాడే ఆవిడకి చెల్లెలు."

"చెల్లెల్ని కాదు."

"అయితే పెద్దమ్మా? పొద్దున్నుంచి ఇద్దరు చెల్లెళ్ళని, ఒక వియ్యపురాలిని వెనక్కి పంపాను. తనకి ఇంతమంది చుట్టాలున్నట్టు పాపం ఆవిడకే తెలిసుండదు. పక్కకి జరగండి, పక్కకి!"

గేటు పక్కన మేడంత పోస్టరు. ఎప్పటిదో పాత ఫోటోలో, వాలుజడ ముందుకేసుకుని గాయని నవ్వుతోంది. ఆ నవ్వు చూసి అమ్మమ్మకి ఒళ్ళు మండిపోయింది. నోరారా అరవాలనిపించింది. మెడకి చుట్టుకున్న శాలువా సర్దుకుని ఊరుకుంది.

టికెట్ల కిటికీ దగ్గరికి పరుగెత్తింది.

"అమ్మకం మొదలైన నిమిషంలోనే అయిపోయాయండీ" అంది కిటికీలో అమ్మాయి.

"నిమిషంలో ఇన్ని టికెట్లు ఎవరు కొన్నారమ్మా?"

ఆ అమ్మాయి కళ్ళతో రోడ్డవతలికి చూపించింది.

అక్కడ వాన లేకుండానే గొడుగేసుకుని ఒకాయన నిలబడి ఉన్నాడు. అందరూ గొడుగాయన అంటారు. ఆ గొడుగు కింద ఏం జరుగుతుందో పోలీసులకి తప్ప ఊరందరికీ తెలుసు.

"ఒక్కటే మిగిలింది పెద్దమ్మగారూ. పైన చివరి వరస" అంటూ ధర చెప్పాడు. అసలు ధరకి పదిరెట్లు.

"ఇదెక్కడి అన్యాయం నాయనా!"

"ఆగండి, ఇంకా అవలేదు. దీని మీద కన్వీనియెన్స్ ఫీజు."

"ఎవరి కన్వీనియెన్స్?"

"నాదేనండీ. ఆ తర్వాత సర్వీస్ చార్జీ."

"ఏం సర్వీసు చేశావు నువ్వు?"

"ఇంతసేపటినుంచీ ఓపిగ్గా జవాబులు చెప్తున్నాను కదండీ!"

"ఇందులో పాడే మనిషికి దమ్మిడీ అయినా వెళ్తుందా?"

"భలేవారే! పాడేవాళ్ళకి పాడటమే సరదా. పైగా ఇది ఆవిడ ఆఖరు కచేరీ. అందుకే ఈ గిరాకీ."

"ఆఖరిదని ఎవరన్నారు?"

"నేనే అన్నాను."

హాల్లోంచి వాయిద్యాలు శ్రుతి చేస్తున్న చప్పుడు వినిపించింది. అమ్మమ్మ కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. ఇక బేరమాడే ఓపిక లేకపోయింది. చెవుల దుద్దులు తీసి గొడుగు కింద పెట్టింది.

గొడుగాయన ఒక దుద్దుని కొరికి చూశాడు. "చిల్లర లేదండీ" అన్నాడు.

ఆ టికెట్టుకి ఒకటే దారి, పక్కనున్న ఇరుకు మెట్లు. ఎక్కేసరికి గుండె నోట్లోకొచ్చింది. తీరా చూస్తే సీటు స్తంభం వెనక. కూర్చుంటే స్తంభం తప్ప ఇంకేమీ కనబడదు. ఆమె కూర్చోలేదు. పిట్టగోడ పట్టుకుని కిందికి వంగింది.

ఏడు దాటింది. తెర లేవలేదు. జనం చప్పట్లు మొదలుపెట్టారు. మెచ్చుకునే చప్పట్లు కావవి.

"పొగరండీ, పొగరు!" అన్నాడు పక్క సీటాయన. "మన డబ్బు చేతిలో పడ్డాక ఇంక మనమెందుకు ఆవిడకి?"

"డబ్బు పోయింది మీ ఒక్కరికేనా" అంది అమ్మమ్మ, బోసి చెవి తడుముకుంటూ.

కింద మొదటి వరసలో కూతురు లేచి నిలబడింది. సంచీ భుజానికి తగిలించుకుంది. మనవరాలు రానంటే రానని కుర్చీ చెయ్యి పట్టుకుని వేలాడుతోంది. కూతురు దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీస్తోంది.

"ఆగవే!" అని కేక పెట్టింది అమ్మమ్మ. ఆ గోలలో ఎవరికి వినబడుతుంది?

చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మెట్లు దిగింది. దిగటం కాదు, దొర్లినంత పని చేసింది. కింద హాల్లోకి దూసుకొచ్చింది.

"అమ్మా! మీ టికెట్టు పైకి! కింద కూర్చోవాలంటే ఇంకా కట్టాలి!" అంటూ టార్చిలైటు పట్టుకున్నాయన వెంటపడ్డాడు.

"కూర్చోను నాయనా, నిలబడే ఉంటాను!"

మనవరాలి ఆఖరి వేలు కుర్చీని వదిలేలోగా, అమ్మమ్మ వేదిక మెట్లెక్కి, తెర ముందున్న మైకు దగ్గర నిలబడి, రొప్పుతూనే రెండు చేతులూ జోడించి "ఆలస్యానికి మన్నించండి, నా కచేరీకి నాకే టికెట్టు ఓ పట్టాన దొరకలేదు" అంది.