బరువైన ఎముక

ములుగు నుంచి జీపులో వచ్చిన ఎస్తేరు కొంగుముడి విప్పి, అందులోని ముక్కను విద్యాసాగర్ సార్ టేబుల్ మీద పెట్టింది. ఆయన హన్మకొండ కాలేజీలో భూగర్భశాస్త్రం చెబుతారు.

నీళ్లకు అరిగి నల్లబడ్డ ముక్క. స్కేలుతో తడితే రాయిలా మోగింది. విరిగిన చివర భూతద్దంలో చూస్తే మూలుగ ఉండే సన్నని గూళ్లు కనిపించాయి.

"ఇది ఎముకనే అమ్మా. కాని రాయైపోయింది. కోట్ల ఏండ్ల కిందటి జంతువుది. ఎక్కడ దొరికింది?"

"గోదావరి ఇసుకల. వరద తీసిన ఆర్నెల్లకు."

"ఇంకా ఉన్నయా?" సార్ కుర్చీలోంచి లేచారు.

"మూటెడున్నయ్ సార్."

"ఒక్కటి గూడ పారెయ్యొద్దు. ఎక్కడ పెట్టిండ్రు? నేనే వచ్చి చూస్త."

ఎస్తేరు ముక్కను మళ్లీ కొంగున కట్టుకుంది.

"సమాధిల సార్. మా ఆయన ఆ వరదలనే కొట్టుకపోయిండు. అవి ఆయనవే అనుకున్నం. గుర్తుకని ఇదొక్కటి దాసుకున్న. ఎముక ఇంత బరువుండదని మా చెల్లె అంటే తెచ్చిన."

సార్ మెల్లగా కూర్చున్నారు. "అప్పుడు ఎవలకూ అనుమానం రాలేదా అమ్మా?"

"పెట్టె మోసినోళ్లు, మనిషంత బరువున్నడు అన్నరు సార్. ఆ మాటకే నమ్మిన."