అమర్నాథ్ ఎందుకు మానేశాడు?

“ఏమ్మా వర్షిణీ, పులిలాంటోణ్ణి దోసెల పెనానికి కట్టేశావంట గదా!”

ఇడ్లీ ప్లేటు అందుకుంటూ సుబ్బారావు అన్న మాటకు హోటల్లో ఉన్నవాళ్లంతా ఘొల్లున నవ్వారు. వర్షిణి చట్నీ గరిటెను ఠప్పున గిన్నెలో పడేసింది.

“నేనేం కట్టెయ్యలా మావయ్యా. బావే మానేశాడు.”

“పెళ్లయి మూణ్ణెల్లు. మానేసి మూడు రోజులు. ఆ మాత్రం మాకు తెలవదా?”

మళ్లీ నవ్వులు. వర్షిణి ముఖం కందిపోయింది.

రెంటచింతలలో మూడు రోజులుగా ఎక్కడ చూసినా ఇదే చర్చ. ఆరడుగుల మనిషి, నూట పది కిలోల బరువు, వరసగా నాలుగేళ్లు జిల్లా సూపర్ హెవీవెయిట్ బాక్సింగ్ చాంపియన్ అయిన అమర్నాథ్ ఇరవై ఎనిమిదేళ్లకే రిటైరయ్యాడు. హోటల్ గోడ మీద నాలుగు ఫొటోలున్నాయి. నాలుగింట్లోనూ ఎర్ర గ్లౌజులతో నవ్వుతున్న అమర్నాథ్, అతని చెయ్యి పైకెత్తి పట్టుకున్న రిఫరీ. ముఖం మీద గీత లేదు, ఒంటి మీద చెమట చుక్క లేదు. అవతలివాడికి ఊపిరి తీసుకునే సందు కూడా ఇవ్వడని ఊరంతా గొప్పగా చెప్పుకునేది. పోటీలెప్పుడూ నరసరావుపేటలోనే కావడంతో పనులు మానుకుని వెళ్లి చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఈ ఏడు పోటీలు మాచర్లలో. బస్సెక్కితే ముప్పావుగంట. ఊరు ఊరంతా బయల్దేరడానికి సిద్ధమైతే, చాంపియన్ కాస్తా చేతులెత్తేశాడు.

“ఓడకముందే దిగిపోవాల. అదీ దర్జా అంటే,” అన్నాడు ఆటో యోబు.

“నీ మొహం! ఓడించేటోడు ఉంటే గదా దిగేది?” సుబ్బారావు లేచాడు. “ఇంకో ఏడాది ఆగి, మన కళ్ల ముందర ఒక్కణ్ణి పడగొట్టి అప్పుడు మానుకుంటే ఏం పోయింది? రాష్ట్రం పోటీలకు పొమ్మంటే ఏటా మిర్చి కోతలు అడ్డమంటాడు. మాచర్లకేం అడ్డం? పెళ్లామా?”

వర్షిణి ఇంక వినలేకపోయింది. ఆ మాట అబద్ధమని ఆమెకే నమ్మకం లేదు. మూడు రోజుల కిందట ఫోన్‌లో ఏదో బాక్సింగ్ వీడియో చూసింది. ఒకడి ముక్కు పగిలి రక్తం కారుతుంటే కళ్లు మూసుకుని, “అమ్మో! నువ్వు చేసేది ఇదా బావా?” అని కేక పెట్టింది. ఆ మధ్యాహ్నమే అమర్నాథ్ కోచ్ జయపాల్‌తో ఫోన్ మాట్లాడి వచ్చి, గ్లౌజులు అటక మీద పెట్టేశాడు.

అత్త ఆదిలక్ష్మమ్మ ఆమెను ఒక్క మాట అనలేదు. అటక మీది గ్లౌజులు దించి, ఎండలో పెట్టి, వాటి వంక చూసి నిట్టూర్చేది. నాలుగేళ్లయినా కొత్తవాటిలా మెరుస్తున్న ఆ గ్లౌజులను చూస్తే వర్షిణికి ప్రాణం ఉసూరుమనేది. తన పిరికితనం వల్ల ఒక చాంపియన్ మూలపడ్డాడు. ఈ నింద జన్మంతా తనను వదలదు.

సరిగ్గా అప్పుడే జయపాల్ బైకు వచ్చి ఆగింది.

“సార్, పేరియ్యడానికి ఇంకా టైముందా?” వర్షిణి ఎదురెళ్లి అడిగింది.

“ఐదింటి దాకా ఉందమ్మా. ఫారం సంచిలోనే ఉంది. వాడు సంతకం పెట్టాల గదా!”

గోడ గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది.

“ఒక్క మాట చెప్పండి సార్. మా బావను ఓడించినోడు ఎవడన్నా ఉన్నాడా?”

జయపాల్ టీ గ్లాసు అందుకుని, నిదానంగా ఒక గుక్క తాగాడు.

“నాలుగేళ్లలో నేనైతే చూళ్లేదమ్మా.”

హోటల్ చప్పట్లతో మారుమోగింది. వర్షిణి ఫారం లాక్కుని వంటగదిలోకి నడిచింది. వెనకే సుబ్బారావు, యోబు, మిగతా జనం. గ్రైండర్ దగ్గర పిండి తీస్తున్న అమర్నాథ్ తలెత్తి చూసి బిత్తరపోయాడు.

“సంతకం పెట్టు బావా.”

“ఏందే ఇది?”

“నా కోసం నువ్వేం త్యాగం చెయ్యక్కర్లా. ఆ రోజు భయపడి ఏదో అన్నా. ఇప్పుడు నేనే చెబుతున్నా, పో! ముక్కు పగిలితే పసుపు పెడతా. పన్నూడితే జావ కాస్తా. మాచర్లలో ముందు వరసలో కూచుని ఈల కూడా వేస్తా.”

“అదీ మా కోడలంటే!” సుబ్బారావు ఆనందంతో ఊగిపోయాడు. “ఒరేయ్ అమరూ, రెండు ట్రాక్టర్లు మాట్లాడతా. డప్పులు కూడా!”

అమర్నాథ్ గుమ్మంలో నిలబడ్డ జయపాల్ వంక చూశాడు. జయపాల్ ఇంటి పైకప్పును పరీక్షగా చూస్తున్నాడు.

“అందరూ బయటికి నడవండి. మొగుడూ పెళ్లాం మాట్లాడుకోవాల,” అని జనాన్ని నెట్టి తలుపేశాడు అమర్నాథ్.

“నీ కోసం మానలేదే,” అన్నాడు గొంతు తగ్గించి.

“మరి?”

“ఆ రోజు సార్ ఫోన్ చేశాడు. ఈ ఏడు చిలకలూరిపేట నుంచి లారీ డ్రైవరొకడు పేరిచ్చాడంట. నూట పదహారు కిలోలంట.”

“అయితే? నువ్వు కొట్టలేవా?”

“ఏమో, తెలవదు.”

“తెలవకపోవడమేంది బావా! నాలుగేళ్లుగా గెలుస్తా ఉన్నావు. అంతమందిలో వాడొక లెక్కా?”

అమర్నాథ్ తలుపు గడియ మరోసారి చూసుకుని, భార్య చెవి దగ్గరికి వంగాడు.

“నా బరువులో పోటీకొచ్చిన మొదటి మనిషి వాడేనే.”