జైసల్మేరు టూరు, పుంగనూరు ఆవు

బావ కుటుంబాన్ని కారెక్కించి ఎడారికి పంపేయాలని మునిరాజు గట్టిగా తీర్మానించుకున్నాడు. ఎంత దూరం పోతే అంత మంచిది.

కారణం బావగారింటి వెనక రేకుల షెడ్డులో నెమరు వేస్తూ ఉంది.

శివరాత్రికి ముందు, "అసలు సిసలు పుంగనూరు జాతి బావా, ఇంతకు మించి బెత్తెడు కూడా పెరగదు" అని నమ్మబలికి, బావ కృష్ణప్పకు ఒక తెల్ల దూడను అంటగట్టింది మునిరాజే. కలకడ దగ్గర ఎవరో రైతు వదిలించుకోవాలని చూస్తున్న మామూలు దూడ అది. మధ్యలో మిగిలిన సొమ్ముతో మునిరాజు మదనపల్లెలో కడుతున్న తన కొత్త ఇంటికి టైల్స్ వేయించుకున్నాడు. పాపం, బావ మాత్రం దూడకు గంట కట్టి, పసుపు రాసి, వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయాడు.

మునిరాజు ఇచ్చిన మాట దూడకు తెలియదు కదా. అది పెరగసాగింది.

ఉగాదికి వెళ్ళినప్పుడు అక్క కృష్ణవేణి, "ఏమప్పా, ఇది పెరిగినట్లుండాదే?" అంది.

"పెరగలేదక్కా. నీ సేతి చలవకు ఒళ్ళు సేసిండాది, అంతే" అన్నాడు మునిరాజు. ఆ తర్వాత షెడ్డు వైపు తొంగి చూసే ధైర్యం కూడా చేయలేదు.

బావకు తెలిస్తే నాలుగు తిట్టి ఊరుకుంటాడేమో. అక్కకు తెలిస్తే మాత్రం జన్మలో మొహం చూడదు. వచ్చే నెలలోనే గృహప్రవేశం. ఆడపడుచు వచ్చి పాలు పొంగించకపోతే ఊళ్ళో తలెత్తుకోలేడు. కాబట్టి దూడ మాయం కావాలి. దూడ మాయం కావాలంటే బావ ఊళ్ళో ఉండకూడదు.

"ఎండాకాలంలో ఎడారేందప్పా? మతుండే మాట్లాడతాండావా?" అన్నాడు కృష్ణప్ప.

"మన పెద్దమండ్యం ఎండ కంటే ఎక్కువ కాస్తాదా బావా ఆడ? వానలు పడేదాకా నీ ఎరువుల కొట్లో ఈగలు తోలుకునేదే గదా. పిల్లోళ్ళను తీసుకోని పోయి ఒంటె ఎక్కి రా."

జైసల్మేరు ఒక్కటే అయితే బావ తొందరగా తిరిగొచ్చేస్తాడేమోనని మర్నాడు సముద్రాన్ని కూడా కలిపాడు. ఎడారి వేడి దిగాలంటే ద్వారక పోవాలన్నాడు. ద్వారక దాకా పోయి సోమనాథుణ్ణి చూడకుండా వస్తే పాపమన్నాడు. అక్కడి నుంచి సముద్రం ఒడ్డునే గోవా మీదుగా దిగొస్తే పిల్లలు జన్మంతా చెప్పుకుంటారన్నాడు. కారు సర్వీసింగు తనే చేయించాడు. రాగిపిండి, ఊరగాయలు, చెనక్కాయల పొడి తన చేత్తోనే డిక్కీలో సర్దాడు. సొంత పెళ్ళికి కూడా అతను అంత ఒళ్ళు వంచింది లేదు.

బయల్దేరేటప్పుడు కృష్ణప్ప షెడ్డు తాళంచెవి అతని చేతిలో పెట్టాడు.

"బద్రంగా సూసుకో అప్పా. నీ సొంత ఆవే అనుకో."

అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఒంటె ఎక్కబోతున్న సంబరం కాబోలు అనుకున్నాడు మునిరాజు.

కారు వీధి మలుపు తిరగ్గానే షెడ్డు తెరిచి నోరెళ్ళబెట్టాడు. ఓరి దేవుడా! నడుము దాకా వచ్చేసింది. కొమ్ములు కూడా మొలిచాయి. ఇంకో నెల ఆగితే షెడ్డు పైకప్పు లేపేసేలా ఉంది. బావకు ఇంకా అనుమానం రాలేదంటే, అమాయకత్వానికి కూడా ఒక హద్దు ఉండొద్దూ అని జాలి పడ్డాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, ఎండకు వీధిలో కుక్క కూడా తిరగని వేళ చూసి, ఆవును ట్రాలీ ఆటో ఎక్కించి కుప్పం పక్కన జరిగే సంతకు తోలుకుపోయాడు. సరిహద్దు అవతలి నుంచి వచ్చిన ఒక తమిళాయన ఆవు చుట్టూ తిరిగాడు. మూతి పట్టుకుని పళ్ళు చూశాడు. పళ్ళు చూసేదేంది, ఇదేమన్నా పెళ్ళిచూపులా అని మునిరాజు విసుక్కున్నాడు. పీడ వదిలితే చాలని మామూలు దూడ ధరే చెప్పాడు. ఆ పెద్దమనిషి ఒక్క మాట బేరమాడలేదు. డబ్బు చేతిలో పెట్టి, ఆవుకు దండం పెట్టుకుని, గబగబా బండెక్కించి తోలుకుపోయాడు.

"పిచ్చోడు! బేరం సేసేది కూడా తెలీదు" అని నవ్వుకుంటూ మునిరాజు కడుపునిండా బిర్యానీ తిన్నాడు.

బావ ఇంటికొచ్చి షెడ్డు తాళం తనే పగలగొట్టాడు. బావ ద్వారక చేరేదాకా ఓపిక పట్టి, అప్పుడు ఫోన్ చేశాడు.

"బావా, కొంప మునిగిపోయింది! ఎవురో తాళం పగలగొట్టి ఆవును తోలుకోని పోయినారు!"

అవతల అలల హోరు వినిపించింది. అంతలో అక్క ఫోన్ లాక్కుంది.

"ఎవుడప్పా వాడు? వాని సేతులు పడిపోనూ! వాని కొంపలో పాలు పొంగకుండా పోనూ!"

మునిరాజుకు తన గృహప్రవేశం గుర్తొచ్చింది. అయినా వేషం విప్పలేదు. "నా సేత్తో తెచ్చిచ్చిన దూడ గదక్కా!" అని వెక్కివెక్కి ఏడ్చాడు. నిజంగానే కన్నీళ్ళు వచ్చినందుకు తనను తాను మెచ్చుకున్నాడు కూడా.

ఫోన్ మళ్ళీ కృష్ణప్ప చేతికి వచ్చింది.

"ఏడవద్దు అప్పా. నువ్వు తెచ్చిన దూడ యాడికీ పోలేదు. నిన్నెవురో మోసం సేసి అంటగట్టినారని మాకు ఉగాదప్పుడే తెలిసింది. సెప్తే బాధపడతావని గుట్టుగా మన సేనికి తోలించినాము" అన్నాడు. "ఇప్పుడు పోయిండేదేమో, నీ కొత్తింట్లో తొలి అడుగు పెట్టించి నీకే ఇచ్చేద్దామని మీ అక్క తన గాజులమ్మి తెచ్చిన అసలు పుంగనూరు ఆవు!"