దయ్యం లేని బొమ్మ

సోమన్న చర్రున కాగితం చించి బజ్జీల నూనె తుడుచుకున్నాడు.

"చించొద్దప్పా," అన్నాడు పుస్తకం తెచ్చిన ముసలాయన.

అప్పటికే చినిగింది.

ఆయన ఎవరో ఊళ్లో ఎవరికీ తెలియదు. మూడు రోజుల కింద ఎర్రగుంట్లలో రైలు దిగి నడిచి వచ్చాడు. ఎంత ఎండలోనైనా తలగుడ్డ ఎడమ చెవి మీదికి లాగి కట్టుకుంటాడు. సంకలో చేత్తో గీసిన బొమ్మల పుస్తకం. పిల్లలు దగ్గరికొస్తే మూసేస్తాడు. పెద్దవాళ్లకే చూపిస్తాడు.

కథ ఒకటే. పాడుబడ్డ బావి గట్టు మీద ఒక దయ్యం. పొడుగు చేతులు, సగం తెగిన చెవి. పూడిక తీయడానికి వచ్చినవాళ్లతో "దిగప్పా, నీళ్లుండాయి" అంటుంది. ఒకడు దిగుతాడు. పైకి రాడు. వాణ్ణి వెతకడానికి ఇంకొకడు. అట్లా నలుగురు. దెబ్బ లేదు, నెత్తురు లేదు. నిద్రపోయినట్టు పడి ఉంటారు.

ఏ దేవుడూ రాడు.

ఆ ఏడూ వాన రాలేదు. చేలో పని లేదు. అందరూ గంగక్క బజ్జీల అంగడి ముందు చేరి ఆ పుస్తకమే మళ్లీ మళ్లీ తిప్పించుకున్నారు.

"మీకుండే భయాలు చాలవా?" అన్నాడు ముసలాయన.

"కరువు భయం ఇంట్లో ఉండనే ఉండాది," అంది గంగక్క. "దాన్ని మూసేదానికి అయ్యేది కాదు. ఇదైతే పుస్తకం మూస్తే పోతాది."

"పోదమ్మా."

సోమన్న చించింది చివరి బొమ్మ. అందులో దయ్యం లేదు. ఎవడో ఒక మనిషి తాడు కట్టి బావిలోకి దీపం దించుతున్నాడు. అంతే.

"పట్టపగలు దీపమేందప్పా?" అన్నాడు సోమన్న.

"పాత బావిలో చెడ్డ గాలి ఉంటాది. దీపం ఆరిపోతే మనిషి దిగకూడదు."

"శానా బాగా భయపెట్టి, కడాకు బడిపంతులు మాదిరి బుద్ధి చెప్తాండావు. ఇప్పుడు చూడు, నలుగురూ పోయినారు, కథ అయిపోయింది. ఇది బాగుండాది."

అందరూ నవ్వారు.

ముసలాయన పుస్తకం సోమన్న ముందు పెట్టాడు.

"ఆ బొమ్మ లేకుంటే ఇది నాకెందుకు? నువ్వే పెట్టుకో."

కడప దోవ పట్టి పోయాడు. ఎవరూ పిలవలేదు.

ఎనిమిదో రోజు సోమన్న తన పాత బావి పూడిక తీయించడం మొదలుపెట్టాడు. పదేళ్లుగా ముళ్లకంప కప్పి ఉన్న బావి. ముందు దిగేది తమ్ముడు గోపన్న. నడుముకు తాడు కట్టుకున్నాడు.

"అన్నా, దీపం దించుదామా?"

"ఏమిరా, దయ్యానికి భయపడినావా?"

సోమన్న గట్టు మీద కూర్చున్నాడు. చేతులు చాపాడు. గొంతు మార్చాడు.

"దిగప్పా, నీళ్లుండాయి."

చుట్టూ ఉన్నవాళ్లు పడీపడీ నవ్వారు. గోపన్న కూడా నవ్వుతూనే దిగాడు.

మూడు నిలువుల లోతులో ఆ నవ్వు ఆగింది.

తాడు లాగితే బరువుగా వచ్చింది. దెబ్బ లేదు. నెత్తురు లేదు.

మూడో రోజు గంగక్క సోమన్న ఇంటికి వచ్చింది. కొంగులోంచి మడిచిన కాగితం తీసింది.

"నువ్వు చించిన బొమ్మ, పారేయను చెయ్యి రాక అంగడి కప్పు బోద సందులో దోపినాను. అడుగున ఏందో రాసుండాది. నాకు చదవను రాదు. నీకు వస్తాది గదా, చదువు."

"ఇప్పుడెందుకక్కా?"

"ఇప్పుడే చదవాల."

నూనె తాగి కాగితం పారదర్శకమైంది. బొమ్మ మాత్రం చెదరలేదు. దీపం దించే మనిషికి తలగుడ్డ లేదు. ఎడమ చెవి సగమే ఉంది.

సోమన్న పుస్తకం తెచ్చి పక్కన పెట్టాడు. గట్టు మీద దయ్యానికీ ఎడమ చెవి సగమే. ముఖం అదే.

అడుగున సన్నటి అక్షరాలు. సోమన్న పైకే చదివాడు.

"దిగప్పా, నీళ్లుండాయి అని నలుగురు కూలివాళ్లను దీపం లేకుండా దింపిన ఆ బావి ఆసామిని నేనే, ఏసేపును."