మరక పడని దానిమ్మ

ఆపరేషన్ అయిన చెల్లెలికి రక్తం పడుతుందని సుంకమ్మ నెల రోజులుగా దానిమ్మ గింజలు ఒలిచి పెడుతోంది. చెల్లెలి ముఖం మాత్రం సున్నం కొట్టిన గోడలాగే ఉంది. ఈ రోజు ఒలిచాక చేతులు చూసుకున్న సుంకమ్మకు ఒళ్ళు మండిపోయింది. గింజలు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి గానీ వేళ్ళకు రవ్వంత ఎరుపు అంటలేదు. నోట్లో వేసుకుంటే వగరన్నదే లేదు. ఇంకో పండు పట్టుకుని నేరుగా అనంతపురంలోని పండ్ల అంగడికి పోయింది.

"ఏమప్పా కేశవులూ, ఏం పండ్లివి?"

"మంచి పండ్లేక్కా. ఈ కాలంలో పండులో సత్తువ ఎవురు ఉంచుతారు? అంతా మిషన్లో లాగేసి సీసాలకు పోస్తారు. సత్తువ కావల్లంటే పక్కంగట్లో చుక్కల మందు కొనుక్కో."

"మరి ఇదేంటికి?"

"ఇది తినేదానికి."

సుంకమ్మ పండును రెండుగా చీల్చి, అంగడివాడి తెల్లచొక్కా మీద కసిగా పిండింది. చుట్టూ ఉన్నవాళ్ళు అయ్యో అన్నారు. కేశవులు మాత్రం నవ్వుతూ తడి దులుపుకున్నాడు.

"చూస్తివా అక్కా, ఒక్క మరకన్నా పడిందా? అదే మా పండు గొప్ప!"

"నీ చొక్కాకే పట్టనిది, నా చెల్లెలి ఒంటికి ఎట్ల పడుతుందిరా?"