బెల్టు కోసిన ఆవిడ

"ఈ బెల్టుతో బండి బయటికి వెళ్లదు," అంది తనిఖీకి వచ్చిన ఆవిడ.

అరవైకి దగ్గర పడిన మనిషి. మెడలో బ్యాడ్జీ, చేతిలో చిన్న టార్చి. ఐదు నిమిషాలుగా రేసు కారు సీటు వెనక ఇరుకులోకి తల దూర్చి, భుజాల పట్టీని వేళ్లతో తడుముతోంది.

డ్రైవరుకు ఒళ్లు మండిపోయింది. ఇంకో ఇరవై నిమిషాల్లో క్వాలిఫైయింగ్. రేపటి ఆరు గంటల రేసులో ఎవరి కారు ఎక్కణ్ణుంచి బయల్దేరాలో తేలేది అందులోనే. తమది చిన్న టీము, ఉన్నది ఒక్కటే కారు. ఈసారీ వెనకే మిగిలితే వచ్చే ఏడాది తమను పిలిచే నాథుడే ఉండడు.

"బెల్టుకేమొచ్చింది?"

"సీటుకు రాసుకున్న చోట పోగులు లేచాయి. చూడు."

డ్రైవరు వంగి చూసింది. వేలెడు మేర సన్నటి నూగు. అంతే.

టీము నడిపే అన్నయ్య పరుగున వచ్చి బెల్టు లేబుల్ తిప్పి చూపించాడు.

"తేదీ చూడండి మేడమ్. ఇంకా ఎనిమిది నెలలుంది."

"తేదీ చదవడం నాకూ వచ్చు బాబూ. పోగులకే రాదు."

"రూలు ప్రకారం..."

"రూలు ప్రకారం పాసే. నేను మాత్రం చెయ్యను."

డ్రైవరు ఆవిడకు అడ్డంగా వెళ్లి నిలబడింది.

"మీరెప్పుడైనా ఆ సీట్లో కూర్చున్నారా? టార్చి పట్టుకు తిరిగేవాళ్లకు మా గోడు ఏం తెలుస్తుంది?"

ఆవిడ టార్చి ఆర్పి జేబులో పెట్టుకుంది.

అన్నయ్య ఫోను కొట్టాడు. తనిఖీ వాళ్లందరికీ పెద్దాయన వచ్చాడు. లేబుల్ చూశాడు, నూగు చూశాడు.

"తేదీ ఉందిగా అమ్మా. కాయితం ఇలా ఇవ్వు, నేను సంతకం పెడతాను."

"పెడుదురుగాని సార్. ఒక్క నిమిషం."

మళ్లీ కారులోకి వంగింది. కరక్కుమని చప్పుడు. ఆవిడ తల పైకెత్తేసరికి చేతిలో కత్తెర ఉంది. భుజాల పట్టీ రెండు ముక్కలై సీటు మీద వేలాడుతోంది.

"ఇప్పుడు పెట్టండి."

గ్యారేజీలో ఉన్నవాళ్లంతా కారు చుట్టూ మూగారు.

"పిచ్చా మీకు?" డ్రైవరు గొంతు చించుకుంది. అక్కడికక్కడే ఫిర్యాదు రాసి పెద్దాయన చేతిలో పెట్టింది.

ఆయన అది చదివి ఆవిడ వైపు చెయ్యి చాపాడు. ఆవిడ బ్యాడ్జీ తీసి ఇచ్చేసింది. గుమ్మం దగ్గర మాత్రం వెనక్కి తిరిగింది.

"సీటుకు బెల్టు దూరే కన్నం అంచు నున్నగా రుద్దించమ్మాయ్. పాతదాన్ని కొరికేసింది అదే."

పక్క గ్యారేజీ వాళ్లను బతిమాలి కొత్త బెల్టు తెచ్చి బిగించేసరికి క్వాలిఫైయింగ్ కాస్తా అయిపోయింది. మర్నాడు వీళ్ల కారు అందరికంటే వెనక నిలబడింది.

మొదటి రెండు గంటలూ తోటి డ్రైవరు నడిపాడు. మూడో గంటలో ఆమె సీటెక్కింది, పళ్లు బిగించి.

మూడు తరగతుల కార్లకు ట్రాకు ఒక్కటే. వీళ్లది అన్నిటికంటే నెమ్మదైన తరగతి. పై తరగతి కార్లు వెనక నుంచి బాణాల్లా వచ్చి మీద పడుతున్నాయి. వాటికి దారి ఇస్తూనే, తన తరగతి వాళ్లలో ఒక్కొక్కణ్ణీ దాటుకుంటూ పోయింది. పన్నెండు. తొమ్మిది. ఆరు.

"నాలుగు! నాలుగో స్థానంలో ఉన్నాం చెల్లీ!" చెవిలో అన్నయ్య కేక. "వెనక్కి తోస్తే వెనకే పడి ఉంటామనుకుంది ఆవిడ!"

"ఆవిడ ఎక్కడున్నా వినపడాలి అన్నయ్యా, మన ఇంజను చప్పుడు!"

ఆ మాట పూర్తయిందో లేదో, పెద్ద తరగతి కారొకటి మలుపు లోపలి నుంచి దూరబోయి వెనక చక్రాన్ని కొట్టింది. ఆమె కారు గిర్రున తిరిగి గోడకు ఎదురుగా గుద్దుకుంది.

ముందు భాగం నుజ్జునుజ్జయింది. అందులోంచి ఆమె తన కాళ్ల మీద తనే బయటికి వచ్చింది.

డాక్టరు చూస్తే రెండు భుజాల మీదా పట్టీ వెడల్పున కమిలిన చారలు. అంతకు మించి గీత కూడా లేదు.

"ఈ దెబ్బకు పట్టీ ఏ కాస్త అరిగి ఉన్నా పుటుక్కున తెగేది," అన్నాడాయన. "బెల్టు చూసిన వాళ్లెవరో గాని, గట్టి మనుషులు."

బయట రేసు ఇంకా హోరెత్తుతూనే ఉంది. మంచం దిగొద్దంటున్నా వినకుండా, ఆమె సరాసరి పెద్దాయన గదికి వెళ్లింది.

"ఆవిడెక్కడ సార్?"

"నిన్ననే వెళ్లిపోయింది."

"నా ఫిర్యాదు ఇలా ఇవ్వండి, చించేస్తాను. ఆవిణ్ణి పిలవండి."

"పొద్దున్నే ఫోన్ చేశానమ్మా. తియ్యలేదు. ఇలా కత్తెర పెట్టి ఉద్యోగం పోగొట్టుకోవడం ఆవిడకు ఇది నాలుగో ట్రాకు. ఎక్కడా తప్పయిందని మాత్రం అనలేదు."

"ఎందుకు సార్ అంత పంతం?"

పెద్దాయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"పదకొండేళ్ల కిందట ఒక రేసులో బెల్టు తెగి ఆవిడ తమ్ముడు పోయాడు."

 ఆమెకు కోపం పొంగుకొచ్చింది.

"అలాంటి బెల్టును వదిలేసిన వాణ్ణి ఏం చేశారు సార్? ఆ కారును పాస్ చేసిందెవరు?"

ఆయన తల ఎత్తకుండానే చెప్పాడు.

"ఆవిడేనమ్మా."