కిర్రు ఆగాక

"పెడల్ కిర్రుమంటోంది, వినిపిస్తోందా?" అంది అవతలి గొంతు.

సైకిళ్ళ కంపెనీ కాల్ సెంటర్లో పదకొండో సీటాయన హెడ్‌ఫోన్‌ని చెవికి అదుముకున్నాడు. నిజమే, ఎండిన తలుపు బందులాగా కిర్రుమంటోంది.

"వినిపిస్తోంది మేడమ్."

"మేడమేంటి? సోమవారం చెయిన్ జారిందని చేశాను. బుధవారం బ్రేకు పట్టట్లేదని చేశాను. రెండుసార్లూ పదకొండో సీటాయనే కావాలని అడిగి మరీ మాట్లాడాను. ఇంకా గుర్తుపట్టలేదా?"

గుర్తుపట్టకేం. ఆ రెండు కాల్సూ తెగ సాగాయనే పొద్దున టీమ్ లీడర్ అతన్ని గదిలోకి పిలిచింది. కూతురి వయసు పిల్ల.

"పెద్దాయనా, సైకిళ్ళ గురించి మీకు తెలిసినంత ఇక్కడ ఎవరికీ తెలీదు. కానీ కాల్‌కి నాలుగే నిమిషాలు. సమస్య వినాలి, ఏం చెయ్యాలో చెప్పాలి, పెట్టేయాలి. కబుర్లు వద్దు. ఇవాళ్టితో మీ మూడు నెలల ట్రయల్ అయిపోతుంది. ఇంకొక్క కాల్ సాగిందంటే నా చేతుల్లో ఏమీ ఉండదు."

అతను తలూపాడు. ముప్పై ఏళ్ళు సొంత షాపులో సైకిళ్ళు బాగుచేసినవాడు. షాపు మూసేశాక ఏడాదిపాటు గదిలో గోడలు చూస్తూ కూర్చున్నాడు. రోజుకి నలభైమందితో మాట్లాడొచ్చు కదా అని ఈ ఉద్యోగంలో చేరాడు. తీరా చేరాక, మాట్లాడ్డం ఒక్కటి తప్ప అన్నీ చెయ్యమన్నారు.

తెర మూలన అంకెలు నలభై సెకన్లు దాటాయి.

"చెప్పండి మేడమ్. బూటు టక్కుమని ఇరుక్కునే రకం పెడల్సేనా?"

"అవే. మోకాళ్ళకి మంచిదని మా తమ్ముడు కొనిపెట్టి, గదిలో స్టాండు మీద బిగించి వెళ్ళాడు. గోడకేసి చూస్తూ తొక్కడమే. ఇంట్లో నన్ను పలకరించేది ఈ కిర్రొక్కటే. అదైనా కమ్మగా ఉందా అంటే, పళ్ళు జివ్వుమంటున్నాయి."

కొత్త పెడల్స్ తెప్పించుకోమని చెప్పాలని తెర మీద రాసుంది. అతను దాని వంక చూడనట్టే ఊరుకున్నాడు.

"బూటు లేకుండా పెడల్‌ని వేలితో తిప్పండి."

"తిప్పాను. చప్పుడు లేదు."

"అయితే లోపల బేరింగులు బాగానే ఉన్నాయి. ఇప్పుడు బూటు చేత్తో పట్టుకుని, పెడల్‌లో ఇరికించి అటూ ఇటూ ఊపండి."

కిర్రు. కిర్రు.

"దొరికాడు దొంగ. బూటు అడుగున ప్లాస్టిక్ బిళ్ళ ఉంది చూడండి, దాని స్క్రూలు గట్టిగా బిగించండి. తర్వాత బిళ్ళనీ పెడల్‌నీ పొడిగుడ్డతో తుడవండి."

"ఓ నూనె చుక్క వెయ్యనా?"

"వద్దొద్దు. దుమ్మంతా దానికే పట్టుకుని వారం తిరక్కుండా మళ్ళీ మొదటికొస్తుంది. కొవ్వొత్తి ఉందా? బిళ్ళ అంచులకి రుద్దండి, బట్టకి సబ్బు రుద్దినట్టు."

కాసేపు రాపిడి చప్పుడు. మూడు నిమిషాలు దాటింది.

"భోంచేశావా తమ్ముడూ?"

"ముందు పెడల్ సంగతి చూడండి మేడమ్."

"రుద్దుతూనే ఉన్నాలే. చేతికి పని చెప్పావు గానీ నోటికి చెప్పలేదుగా."

అతని మూతి మీదికి నవ్వొచ్చింది. మింగేశాడు.

టక్కు. ఈసారి కిర్రు లేదు. మళ్ళీ ఊపింది. లేదు.

"పోయింది!"

"సంతోషం మేడమ్. ఇక ఉంటాను." అతని వేలు కాల్ ఆపే మీట మీదికి వెళ్ళింది.

"తమ్ముడూ." గొంతు సన్నబడింది. "ఇప్పుడిక ఇంట్లో ఆ చప్పుడు కూడా లేదు. ఒక్క నిమిషం ఉండవూ? ఊరికే."

నాలుగు నిమిషాలు. తెర మూలన అంకెలు ఎర్రబడ్డాయి. అద్దాల గదిలో టీమ్ లీడర్ తలెత్తి చూసింది.

రేపట్నించీ మళ్ళీ తన గది, ఆ గోడలు. అతనికి తెలుసు. తెలిసే వేలు వెనక్కి తీశాడు.

"ఉన్నాను, చెప్పండి."

"మీ ఇంట్లో ఎవరెవరుంటారు?"

"ఇల్లెక్కడిది, గది. నేనూ, కుళాయీ. అది కారుతుంటుంది, నేను వింటుంటాను."

"ఇంత పనివాడివి, దాన్ని బాగుచేసుకోలేవా?"

"చేస్తే నాదీ ఇప్పుడు మీ పరిస్థితే."

ఆవిడ నవ్వింది. అతనూ నవ్వాడు, పక్క సీటువాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా. ఆ తర్వాత ఆగలేదు. షాపు ముందు వేసిన బల్ల గురించి చెప్పాడు. ఏ రిపేరూ లేకపోయినా సాయంత్రం వచ్చి ఆ బల్ల మీద కూర్చునేవాళ్ళ గురించి చెప్పాడు. ఆఖరి రోజు దాన్ని ఎవరికివ్వాలో తెలీక అక్కడే వదిలేసి వచ్చిన సంగతి చెప్పాడు. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు దాన్ని. ఆవిడ ఊఁ కొడుతూనే ఉంది.

అంకెలు చూసుకునేసరికి ఇరవై రెండు నిమిషాలు. టీమ్ లీడర్ గదిలోంచి బయటికొచ్చి అతని కుర్చీ వెనకే నిలబడి ఉంది.

"రేపు ఈ సీట్లో నేనుండనక్కయ్యా," అన్నాడు నెమ్మదిగా. "నా సొంత నంబరు ఇస్తాను. కిర్రుమన్నా సరే, అనకపోయినా సరే, చెయ్యండి."

"చెప్పు తమ్ముడూ, రాసుకుంటాను."

ఒక్కొక్క అంకే ఆగి ఆగి చెప్పాడు. హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. పోయిన ఉద్యోగం కన్నా దొరికిన అక్కయ్యే ఎక్కువనిపించింది.

అవతల ఆవిడ ఫోన్ పెట్టేసింది. బల్ల అంచుకి బిగించిన పెడల్‌లోంచి బూటు ఊడదీసి, రాలిన మైనం పొడి దులిపి, కాగితం ముందుకి లాక్కుంది.

'మూడో పరీక్షలోనూ తప్పాడు' అని రాసి కంపెనీ ముద్ర వేసింది.